బేబీ పెగ్గీ: మూకీ సినిమాల పాప, ఆమె పని గురించి కూడా మాట్లాడుకుందాం

రీలుపెట్టె
ఇక్కడ మూకీల మీద చర్చ వచ్చినప్పుడల్లా చాప్లిన్ దగ్గర మొదలై కీటన్ దగ్గర ఆగిపోతోంది. అదే రోజుల్లో అమెరికా జనం ఎగబడి చూసిన ఒక పాప ఉంది, మూడేళ్ళు నిండేసరికే పోస్టర్ మీద పేరు, ఐదేళ్ళకి షాపుల్లో ఆమె రూపంలో బొమ్మలు. ఆ బొమ్మ ఒకటి తర్వాత హాలీవుడ్ స్టార్ అయిన జూడీ గార్లండ్ దగ్గర చిన్నప్పుడు కూడా ఉండేది. ఆ పాపే బేబీ పెగ్గీ. అసలు పేరు పెగ్గీ జీన్ మాంట్‌గోమరీ, 1918 అక్టోబర్ 29న కాలిఫోర్నియాలోని శాన్ డియెగోలో పుట్టింది, 2020 ఫిబ్రవరి 24న 101 ఏళ్ళ వయసులో పోయింది. మూకీల కాలం నాటి స్టార్లలో చివరిదాకా మిగిలింది ఈవిడే అని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి.

ఈవిడ గురించి ఎవరు రాసినా ఒకటే పద్ధతి. పాప సంపాదించింది, అమ్మానాన్నలు తగలేశారు, పాపం అని ముగించేస్తారు. అందులో అబద్ధం లేదు, నిజంగా అన్యాయమే జరిగింది. కానీ అంత పని చేసిన మనిషి గురించి డబ్బు పోయిన కథ ఒక్కటే చెప్పుకోవడం నాకు నచ్చదు. ఆ సినిమాల్లో ఆమె ఏం చేసింది, తర్వాత యాభై ఏళ్ళకి ఏం రాసింది, వీటి గురించి మాట్లాడదామని ఈ చర్చ పెడుతున్నా. చూసినవాళ్ళు ఉంటే రాయండి.

గోదారిగట్టు
నేను చూడలేదండి, పేరు కూడా ఇప్పుడే వింటున్నా. హాలీవుడ్ చిన్నపిల్ల అంటే నాకు షర్లీ టెంపుల్ ఒక్కరే తెలుసు. మూడేళ్ళకే పోస్టర్ మీద పేరు అంటున్నారు, అసలు ఆ వయసులో సినిమాల్లోకి ఎలా వచ్చింది? ఇంట్లో ఎవరైనా నటులా?

రీలుపెట్టె
నాన్న జాక్ మాంట్‌గోమరీ కౌబాయ్. పశువుల మేతభూముల చుట్టూ కంచెలు వేసేయడంతో ఆ బతుకు సాగక, గుర్రపు స్వారీ తెలుసు కాబట్టి హాలీవుడ్ చేరి వెస్టర్న్ సినిమాల్లో స్టంట్‌లు చేసేవాడు, అప్పటి కౌబాయ్ సినిమాల స్టార్ టామ్ మిక్స్‌కి డూప్‌గా కూడా పనిచేశాడు. అమ్మ మేరియన్. పెగ్గీకి అప్పుడు 19 నెలలు. అమ్మ తన స్నేహితురాలు ఒకామెతో కలిసి సన్‌సెట్ బులెవార్డ్‌లో ఉన్న సెంచరీ స్టూడియోకి వెళ్ళింది, ఆ స్నేహితురాలు ఎక్స్‌ట్రా వేషాలు వేసేది. అక్కడ ఈ పాప చెప్పినమాట విని కదలకుండా కూర్చోవడం ఫ్రెడ్ ఫిష్‌బాక్ అనే దర్శకుడి కంట్లో పడింది. ఆ స్టూడియోలో బ్రౌనీ అని ఒక కుక్క అప్పటికే కామెడీల్లో స్టారు. ఆ కుక్క పక్కన పాపని పెట్టి 1921లో ఒక షార్ట్ తీశారు, జనానికి నచ్చింది, అక్కడినుంచి ఇక ఆగలేదు.

ఆ షార్ట్‌లు ఇరవై నిమిషాల లోపువి. ఒకటి పూర్తయ్యేసరికి ఇంకోటి మొదలు. వారానికి ఆరు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు. మూడేళ్ళలో 150 దాకా చేశానని ఆవిడే చెప్పుకుంది.

నిత్యమల్లి
రోజుకి ఎనిమిది గంటలా? రెండేళ్ళ పిల్ల? మా చిన్నదానికి ఇప్పుడు నాలుగేళ్ళు, మధ్యాహ్నం నిద్ర తప్పితే సాయంత్రం దాన్ని పట్టలేం. మరి బడి?

రీలుపెట్టె
బడి లేదు మల్లి గారూ. పెగ్గీకీ లేదు, అక్క లూయిస్‌కీ లేదు. సినిమాలు అయిపోయి, ఆ తర్వాత ఊరూరా తిరిగిన స్టేజ్ షోలు కూడా అయిపోయాకే చదువు మొదలైంది.

ఎడిటింగ్_టేబుల్
నేను ఎడిటింగ్‌లో పనిచేస్తాను, మూకీలంటే ఇష్టం. ఈ పాప షార్ట్‌లు రెండు మూడు చూశాను, ఒక ఫీచర్, అంటే పూర్తి నిడివి సినిమా, చూశాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మూకీలో కెమెరా తిరుగుతున్నప్పుడు పక్కన ఎవరైనా మాట్లాడొచ్చు, ఎంత గట్టిగా అరిచినా ఏమీ రికార్డ్ అవదు కదా. దర్శకుడు షాట్ మధ్యలోనే "ఇటు చూడు, ఇప్పుడు నవ్వు, ఆగు, ఏడు" అని చెబుతూ ఉండేవాడు. సెట్ మీద వయొలిన్ వాయించేవాళ్ళని కూడా పెట్టుకునేవారు, నటులకి మూడ్ రావడానికి. పెగ్గీ విషయంలో నాన్నే కెమెరా పక్కన నిలబడి చిటికె వేసి "ఏడు, నవ్వు, భయపడు" అనేవాడట, పాప ఠక్కున చేసేదట. కాబట్టి చంటిపిల్లతో సినిమా తీయడం టాకీలకంటే మూకీల్లోనే తేలిక. సౌండ్ వచ్చాక ఈ దారి మూసుకుపోయింది, డైలాగ్ కంఠతా పట్టి టైమింగ్‌తో చెప్పగలిగే పిల్లలే నిలబడ్డారు. షర్లీ టెంపుల్ ఆ తరం.

అందుకే నా అనుమానం, దీన్ని నటన అనాలా, లేక బాగా మాట వినే పిల్ల అనాలా?

గోదారిగట్టు
నాకూ అదే అనిపించింది. రెండేళ్ళ పిల్లకి పాత్ర అంటే ఏం తెలుస్తుంది? చిటికె వేస్తే ఏడ్చింది, అంతే కదా.

రీలుపెట్టె
ఈ మాట వాళ్ళ నాన్న కూడా అన్నాడు. మా అమ్మాయిది ప్రతిభ కాదు, క్రమశిక్షణ, ఎదురు మాట్లాడకుండా చెప్పింది చేస్తుంది అని. ఆ మాటనే వందేళ్ళుగా అందరూ తిప్పి తిప్పి రాస్తున్నారు. నేను ఒప్పుకోను.

చిటికె వేస్తే ఏడుపు వస్తుంది, సరే. కానీ ఆమె షార్ట్‌లలో చాలావాటి పని పేరడీ. అప్పటి పెద్ద స్టార్లని, రుడాల్ఫ్ వాలెంటినోని, పోలా నెగ్రీని, మేరీ పిక్‌ఫర్డ్‌ని అనుకరించాలి. 1923లో వచ్చిన 'కార్మెన్ జూనియర్' దొరుకుతుంది, చూడండి. స్పానిష్ డ్యాన్సర్ వేషం. నాలుగేళ్ళ పిల్ల, ముఖంలో అంతా తెలిసిన పెద్దమనిషి గాంభీర్యం, ఎక్కడా తనకి నవ్వు రాదు, ముద్దుగా కనిపిద్దామన్న తాపత్రయం అసలు లేదు. పేరడీలో ఆ గాంభీర్యమే అసలు పని. ముద్దు కోసం నటించే పిల్ల అయితే షాట్ మధ్యలో కెమెరా వైపు ఒక చూపు విసిరి నవ్వేస్తుంది, అక్కడితో జోకు పోతుంది. పెగ్గీ అలా చేయదు. చిటికె వేసి నవ్వించొచ్చు, ఏడిపించొచ్చు, కానీ నవ్వు బిగబట్టుకుని ఒక సీనంతా మోయడం చిటికెతో వచ్చేది కాదు.

ఇంకోటి, 1924లో వచ్చిన 'ది ఫ్యామిలీ సీక్రెట్'. రాత్రి ఇంట్లోకి దొంగ వస్తాడు, పాప లేచి వాడితో మాట్లాడుతుంది, వాడు తన తండ్రి అని ఆమెకి తెలియదు. ఆ సీన్‌లో ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఆమె వినే తీరు చూడండి. వినడం పెద్ద నటులకే కష్టం.

ఎడిటింగ్_టేబుల్
'ఫ్యామిలీ సీక్రెట్' నేను చూడలేదు, చూస్తాను. పేరడీ గురించి మీరన్నది మాత్రం ఆలోచించాల్సిందే. ఎడిటింగ్ కోణంలో ఒకటి కలుపుతా. ఆ షార్ట్‌లలో పాప మీద షాట్‌లు అనుకున్నంత చిన్నవేమీ కావు. పిల్లలతో తీసినప్పుడు మేం మామూలుగా ముక్కలు ముక్కలుగా కోసి అతికిస్తాం, మంచి ఎక్స్‌ప్రెషన్ ఒక సెకను దొరికితే అది వాడుకుంటాం. ఇక్కడ పాప నడుచుకుంటూ వచ్చి, వస్తువు తీసి, ఎదుటివాడికి ఇచ్చి, వాడి రియాక్షన్ కోసం ఆగి, తర్వాత తన రియాక్షన్ ఇవ్వడం ఒకే షాట్‌లో ఉంటుంది. అది పక్కనుంచి ఎవరు చెప్పినా, లోపల లయ లేకపోతే కుదరదు.

ఆమె రూపం కూడా ఆ ఫిల్మ్‌కి సరిపోయింది. అప్పటి ఫిల్మ్ మీద లేత నీలం కళ్ళు వెలిసిపోయినట్టు పడేవి. ఈ పాపవి నల్లటి పెద్ద కళ్ళు, నుదుటిదాకా కత్తిరించిన నల్ల జుట్టు. ఎంత దూరం నుంచి తీసినా ముఖం చదువుకోవచ్చు.

దక్కన్_దాసు
చర్చ బాగుంది. స్టంట్‌ల గురించి ఎవరూ రాయలేదు. నేను చదివినదాని ప్రకారం ఆ పిల్లతో చేయించినవి వింటే ఒళ్ళు జలదరిస్తుంది. రీలుపెట్టె గారికి తెలిస్తే చెప్పండి.

రీలుపెట్టె
అవును, అది దాటేసి పోలేం. ఒక షార్ట్‌లో సముద్రంలో నీళ్ళలోపల పట్టి ఉంచితే పాప స్పృహ తప్పింది. ఇంకో దానిలో రైలు పెట్టె కింద వేలాడుతూ ప్రయాణం.

అన్నిటికంటే ఘోరం 1923లో యూనివర్సల్‌కి చేసిన 'ది డార్లింగ్ ఆఫ్ న్యూయార్క్'. అది ఆమె మొదటి పెద్ద ఫీచర్. కాలుతున్న గదిలోంచి పాప ఒంటరిగా తప్పించుకోవాలి. సెట్‌కి కిరోసిన్ పోశారు. తలుపు దగ్గరికి వెళ్ళి, తీసి, బయటికి రావాలి, ఆమెకి చెప్పింది అంతే. తీరా నిప్పు పెట్టాక తలుపు కూడా అంటుకుంది. కెమెరా తిరుగుతోంది, అటు వెళ్ళడానికి లేదు, చుట్టూ పొగ. పాప వెనక్కి తిరిగి, మండుతున్న కిటికీ గట్టు మీదుగా పాకి బయటపడింది. అప్పటికి ఐదేళ్ళు కూడా నిండలేదు.

చెప్పినమాట వినడం తప్ప ఏమీ రాని పిల్లయితే ఆ మంటల్లో తలుపు వైపే వెళ్ళేది.

నిత్యమల్లి
ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

మా పెద్దమ్మాయిని ఆరేళ్ళప్పుడు ఒక టీవీ సీరియల్‌కి అడిగారు, హైదరాబాద్‌లోనే. పేర్లు వద్దు. రెండు సీన్లే అన్నారు, సరదాగా ఉంటుంది కదా అని తీసుకెళ్ళాను. పొద్దున తొమ్మిదికి రమ్మని, మేకప్ వేసి కూర్చోబెట్టి, దాని షాట్ రాత్రి పదకొండుకి తీశారు. అప్పటికి అది నా ఒళ్ళో నిద్రపోయింది. లేపితే ఏడ్చింది. అక్కడున్న ఒకాయన "అదే మూడ్, అదే మూడ్, లైట్స్ పెట్టండి" అన్నాడు, ఆ సీన్‌లో ఏడవాల్సి ఉంది మరి. అందరూ పాప ఎంత బాగా చేసిందో అన్నారు. నేను మళ్ళీ పంపలేదు. ఆ జాక్ మాంట్‌గోమరీ చిటికె గురించి చదివితే అదే గుర్తొచ్చింది. అప్పుడు అమెరికాలో దీనికి చట్టం లేదా? ఇప్పుడు మన దగ్గర ఉందా? లా చదివినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

లా_పాయింట్
మల్లి గారూ, మీరు మళ్ళీ పంపకపోవడం మంచి పని చేశారు.

మన దగ్గర ఉందండి. బాలకార్మిక చట్టానికి 2016లో సవరణ వచ్చింది, దాని రూల్స్ 2017లో మారాయి. సినిమా, సీరియల్, యాడ్‌లో పిల్లలు చేయొచ్చు గానీ రోజుకి ఐదు గంటలకి మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర అనుమతి తీసుకోవాలి. వరసగా 27 రోజులకి మించి పని చేయించకూడదు. పాపకి ఇష్టం లేకపోతే బలవంతపెట్టకూడదు. వచ్చే డబ్బులో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పాప పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజర్ అయ్యాక ఆ డబ్బు తనకి అందుతుంది. మీరు చెప్పిన షూటింగ్‌లో ఈ సమయం రూల్ పూర్తిగా గాలికి పోయింది. తల్లిదండ్రులకే ఈ రూల్స్ తెలియకపోవడం పెద్ద సమస్య. అడిగితే అవకాశం పోతుందన్న భయం ఇంకోటి.

అమెరికా సంగతి. పెగ్గీ పనిచేసినప్పుడు పిల్లల సంపాదనకి రక్షణ ఏమీ లేదు. మైనర్ సంపాదించింది తల్లిదండ్రులదే అన్నది అప్పటి న్యాయం. 1921లో చాప్లిన్ పక్కన చేసి పేరు తెచ్చుకున్న జాకీ కూగన్ పెద్దయ్యాక చూస్తే లక్షల డాలర్లు లేవు, తల్లి మీద, సవతి తండ్రి మీద 1938లో కోర్టుకి వెళ్ళాడు. చివరికి దక్కింది 1,26,000 డాలర్లు. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది, కూగన్ చట్టం అనే పేరుతోనే పిలుస్తారు. అందులో కన్నాలు చాలా ఉన్నాయి, కోర్టు ఆమోదించిన కాంట్రాక్టులకే అది వర్తించేది. 2000లో సవరించాక గానీ 15 శాతం తప్పనిసరిగా పక్కన పెట్టాలన్నది గట్టిపడలేదు. ఫెడరల్ స్థాయిలో 1938లో పని గంటల చట్టం వచ్చినప్పుడు బాలనటుల్ని బాలకార్మిక నిబంధనల నుంచి మినహాయించారు, ఆ మినహాయింపు ఇంకా ఉంది.

గోదారిగట్టు
మరి పెగ్గీ డబ్బు ఏమైంది? ఎంత సంపాదించింది అసలు?

రీలుపెట్టె
పేరు వెలిగిన రోజుల్లో ఏడాదికి 15 లక్షల డాలర్ల ఒప్పందం. 1924లో న్యూయార్క్‌లో డెమొక్రాటిక్ పార్టీ జాతీయ సభ జరిగితే ఆ సభకి మస్కట్‌గా వెళ్ళి, తర్వాత అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పక్కన నిలబడింది. అంత పేరు. అమ్మానాన్నలు ఇళ్ళు, కార్లు, బట్టలు కొన్నారు, పిల్లల పేరు మీద ఒక్క డాలర్ వేయలేదు. వ్యవహారాలు చూసిన మనిషి వరసకి తాతే, అతను డబ్బుతో మాయమయ్యాడు.

1925లో నాన్న జీతం దగ్గర నిర్మాత సోల్ లెసర్‌తో గొడవపడ్డాడు. కాంట్రాక్ట్ రద్దయింది. ఆ తర్వాత స్టూడియోలు ఏవీ పిలవలేదు, ఒకే ఒక్క చిన్న వేషం దొరికింది 1926లో. ఏడో ఏడు వచ్చేసరికి సినిమా జీవితం అయిపోయింది. ఇందులో పిల్ల తప్పు ఏముంది చెప్పండి. ఆమె పని ఎవరికీ నచ్చక కాదు, వయసు మీదపడీ కాదు. పెద్దవాళ్ళు ఇద్దరు డబ్బు దగ్గర పంతానికి పోయారు.

అప్పుడు వాడెవిల్‌కి తీసుకెళ్ళారు, అంటే ఊరూరా థియేటర్లలో రోజుకి కొన్ని ఆటలు వేసే వెరైటీ షోలు. సినిమా పిల్ల స్టేజ్ మీద ఏం చేస్తుందిలే అనుకున్నవాళ్ళే తర్వాత మెచ్చుకున్నారు. కామెడీ స్కిట్, పాట, చివర్లో ఒక గంభీరమైన మోనోలాగ్. ఇక్కడ చిటికెలు వేసేవాడు లేడు, ప్రేక్షకుల ముందు ఒక్కతే నిలబడాలి, గోదారిగట్టు గారి ప్రశ్నకి నా జవాబు ఇది కూడా. రోజుకి 300 డాలర్లు వచ్చేవి. పాప చేతికి ఒక్కో ఆటకి ఐదు సెంట్ల నాణెం ఒకటి ఇచ్చేవారు.

1929 దాకా అమెరికా, కెనడా తిరిగారు. ఆ తర్వాత వయోమింగ్‌లో అతిథులు వచ్చి ఉండే పశువుల రాంచ్ ఒకటి నడుపుదామనుకున్నారు, అదే ఏడాది స్టాక్ మార్కెట్ కుప్పకూలింది, మిగిలింది కూడా పోయింది. 1930ల మొదట్లో హాలీవుడ్ తిరిగొచ్చి అదే పెగ్గీ ఎక్స్‌ట్రాల గుంపులో నిలబడింది.

దక్కన్_దాసు
తండ్రిని తిట్టడం తేలికే, నేను ఆయన్ని వెనకేసుకు రావట్లేదు. కానీ ఒకటి అడుగుతా. కౌబాయ్ పని పోయి, గుర్రం మీంచి పడే స్టంట్‌లతో బతుకుతున్న మనిషికి ఒక్కసారిగా కూతురు ఇంటిల్లిపాదినీ పోషించడం మొదలైంది. ఆయన కూడా ఏదో విధంగా నలిగిపోయి ఉండడా? డైరెక్టర్ల కంటే నాకే ఎక్కువ తెలుసు అన్నట్టు ఉండేవాడని చదివాను. అది పొగరా, తన చోటు కాపాడుకోవాలన్న ఆరాటమా?

నిత్యమల్లి
దాసు గారూ, నలిగిపోయాడేమో. కానీ ఐదు సెంట్లు ఇచ్చింది ఆయనే కదా. 300లో ఐదు సెంట్లు. ఆ లెక్క చేసిన చెయ్యి ఎవరిది?

రీలుపెట్టె
మల్లి గారి ప్రశ్న దగ్గర నేనూ ఆగిపోతాను. కానీ దాసు గారు అడిగినదానికి పెగ్గీయే జవాబు రాసింది, అందుకే ఆమె రెండో జీవితం నాకు ఎక్కువ ముఖ్యం.

1938లో పెళ్ళి చేసుకుని సినిమా వదిలేసింది, పదేళ్ళకి విడాకులు. క్యాథలిక్ మతం తీసుకుంది, పేరు మార్చుకుంది. 1954లో చిత్రకారుడు రాబర్ట్ కేరీని పెళ్ళాడింది, ఒక కొడుకు. పుస్తకాల షాపులో పనిచేసింది, స్విచ్‌బోర్డ్ ఆపరేటర్‌గా చేసింది. బేబీ పెగ్గీ అన్న పేరు ఎవరైనా ఎత్తితే చాలాకాలం సహించలేకపోయింది. డయానా సెరా కేరీ అనే ఆ కొత్త పేరుతోనే చరిత్రకారిణి అయింది.

1975లో వచ్చిన మొదటి పుస్తకం 'ది హాలీవుడ్ పాసీ'. అది తన గురించి కాదు. నాన్నలాంటి కౌబాయ్‌ల గురించి, మేతభూములు పోయి హాలీవుడ్‌కి చేరి గుర్రాల మీంచి పడుతూ వెస్టర్న్‌లకి ప్రాణం పోసిన, తెరమీద పేరు కూడా పడని మనుషుల గురించి. తన బాల్యాన్ని తినేసిన మనిషి బతుకుని ముందు అర్థం చేసుకుని, వాళ్ళ పనికి గౌరవం ఇచ్చి, ఆ తర్వాత 1978లో 'హాలీవుడ్స్ చిల్డ్రన్' రాసింది. బాలనటుల వ్యవస్థ మొత్తం ఎలా నడిచింది, తల్లులు స్టూడియో గేట్ల దగ్గర ఎలా క్యూ కట్టారు, ఎవరి డబ్బు ఎటు పోయింది, లోపల బతికిన మనిషి రాసిన చరిత్ర అది. ఆత్మకథ రాసింది 1996లో, 77 ఏళ్ళ వయసులో. 2003లో జాకీ కూగన్ జీవితచరిత్ర. ఈ వరస చూడండి, ముందు నాన్న తరహా మనుషులు, తర్వాత తోటి పిల్లలు, ఆ తర్వాతే తాను. బాలనటుల హక్కుల కోసం పనిచేసే 'ఎ మైనర్ కన్సిడరేషన్' సంస్థకి కూడా అండగా నిలిచింది.

బాధితురాలు అని ముద్ర వేసి వదిలేస్తే ఈ పనంతా ఏమైపోవాలి? మూకీల కాలపు బాలనటుల గురించి ఇవాళ ఎవరు రాసినా ఈవిడ పుస్తకాల మీద ఆధారపడకుండా ముందుకి పోలేరు.

ఫ్రీమాంట్_తెలుగు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. బే ఏరియాలో, అంటే కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకి ఒక సంగతి. మా ఫ్రీమాంట్‌లోనే నైల్స్ అని పాత పేట ఉంది, 1912 నుంచి 1916 దాకా ఎసనే స్టూడియో అక్కడే ఉండేది, చాప్లిన్ కూడా 1915లో అక్కడ కొన్నాళ్ళు పనిచేశాడు. ఇప్పుడు అక్కడ మూకీ సినిమాల మ్యూజియం ఉంది, పాత చిన్న థియేటర్‌లో శనివారం రాత్రుళ్ళు మూకీలు వేస్తారు, పక్కన కూర్చుని ఒకరు పియానో వాయిస్తారు. పెగ్గీ గారి సినిమాలు అక్కడ వేసేవారు, ఆవిడ కూడా వచ్చేది. చివరి రోజులు ఇక్కడికి కాస్త దూరంలో గస్టీన్ అనే డైరీల ఊళ్ళో గడిపింది.

ఆవిడ ఉన్న రోజుల్లో వెళ్ళే భాగ్యం నాకు దొరకలేదు గానీ తర్వాత ఒకసారి మా అబ్బాయితో వెళ్ళి ఒక షార్ట్ చూశాను. వాడికి తొమ్మిదేళ్ళు, నలుపు తెలుపు అంటే మొహం చిట్లిస్తాడు. పాప పెద్దవాళ్ళ టోపీ పెట్టుకుని రాగానే హాలంతా నవ్వింది, వాడూ నవ్వాడు, పియానో ఆయన సరిగ్గా ఆమె అడుగుకి తాళం వేశాడు. ఫోన్‌లో చూసినప్పుడు నాకు అంత నవ్వు రాలేదు. నలుగురితో కూర్చుని చూడాల్సిన సినిమాలివి.

గోదారిగట్టు
150 షార్ట్‌లు అన్నారు, అన్నీ దొరుకుతాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎడిటింగ్_టేబుల్
చాలావరకు లేవండి. సెంచరీ స్టూడియో 1926లో తగలబడిపోయింది. దానికి తోడు అప్పటి నైట్రేట్ ఫిల్మ్ తొందరగా అంటుకుంటుంది, తడి తగిలితే జిగురైపోతుంది. మూకీల కాలం ముగిశాక వీటికి విలువ లేదనుకుని ఫిల్మ్‌లోని వెండి కోసం కరిగించేశారు కూడా. మిగిలినవి ఎక్కడెక్కడో దేశాల్లో బయటపడుతున్నాయి. 1924 నాటి 'అవర్ పెట్' అనే షార్ట్ 2016లో జపాన్‌లో దొరికింది, అప్పటికి ఆవిడ బతికే ఉంది, 97 ఏళ్ళు.

లా_పాయింట్
1924 సినిమాలకి అమెరికాలో కాపీరైట్ 2020 నాటికి తీరిపోయింది. కాబట్టి నెట్‌లో చూడటానికి మొహమాటం అక్కర్లేదు.

రీలుపెట్టె
గోదారిగట్టు గారూ, ముందు 'హెలెన్స్ బేబీస్' చూడండి, 1924. పెళ్ళికాని మేనమామ ఒకడు, పిల్లల పెంపకం మీద పుస్తకం రాస్తాడు గానీ పిల్లల్ని ఎప్పుడూ పెంచి ఎరగడు. ఇద్దరు మేనకోడళ్ళని అతని నెత్తిన పెట్టి అక్కా బావా ఊరెళ్తారు. ఎడ్వర్డ్ ఎవరెట్ హార్టన్ మామ, క్లారా బో ఇంకా పెద్ద స్టార్ కాని రోజుల్లో ఇందులో ఉంది. హార్టన్ కామెడీ అంతా తత్తరపాటు. పెగ్గీ దానికి ఎదురుగా నింపాదిగా ఉంటుంది, ఇద్దరి మధ్య ఆ తేడాయే సినిమా. తర్వాత 'కెప్టెన్ జనవరి', అదీ 1924దే. సముద్రంలోంచి ఒడ్డుకి కొట్టుకొచ్చిన పాపని లైట్‌హౌస్ కాపలాదారు పెంచుకుంటాడు, కొన్నాళ్ళకి బంధువులు వెతుక్కుంటూ వస్తారు. హోబార్ట్ బాస్‌వర్త్ ఆ ముసలాయన. ఇదే కథని 1936లో షర్లీ టెంపుల్‌తో మళ్ళీ తీశారు.

నిత్యమల్లి
షర్లీ టెంపుల్‌ది కూడా ఇదే కథా, డబ్బు విషయంలో?

లా_పాయింట్
దాదాపు అంతే. సుమారు 32 లక్షల డాలర్లు సంపాదిస్తే పెద్దయ్యాక ఆమెకి మిగిలినవి 44,000. తేడా ఏంటంటే ఆమె ఇంట్లో ప్రేమ ఉంది, దాని గురించి తర్వాత కూడా చేదుగా మాట్లాడలేదు. ఆమె మొదటి షార్ట్‌ల రోజుల్లో మాట వినని పిల్లల్ని ఐస్ దిమ్మ పెట్టిన చీకటి గదిలో కూర్చోబెట్టేవారని మాత్రం రాసింది. ఆ తర్వాత అమెరికా రాయబారిగా ఘనాలో, చెకొస్లొవేకియాలో పనిచేసింది.

దక్కన్_దాసు
రెండు 'కెప్టెన్ జనవరి'లూ చూశాను నిన్న రాత్రి. షర్లీ సినిమా పాటలతో, డ్యాన్స్‌తో హుషారుగా ఉంది. పెగ్గీ సినిమాలో ఆ ముసలాయనతో ఉన్న దగ్గరితనం నాకు ఎక్కువ నచ్చింది. ఆమె ఆయన్ని ఆటపట్టించదు, ఇంటి మనిషిలా చూసుకుంటుంది. అయితే నేను చూసిన కాపీలో అందరూ పరుగెడుతున్నట్టు ఉన్నారు, అది మూకీల లక్షణమేనా?

ఎడిటింగ్_టేబుల్
కాదు దాసు గారూ, అది కాపీ తప్పు. మూకీలు చాలావరకు ఇప్పటి సెకనుకి 24 ఫ్రేముల కంటే తక్కువ వేగంతో తీశారు, చేత్తో తిప్పే కెమెరాలు కూడా ఉండేవి. వాటిని 24 దగ్గర నడిపిస్తే అందరూ గెంతుతున్నట్టే ఉంటారు. ప్లేయర్‌లో వేగం 0.9కో 0.8కో తగ్గించి చూడండి, సంగీతం ఆపేసి. పెగ్గీ టైమింగ్ అప్పుడు తెలుస్తుంది. రీలుపెట్టె గారు చెప్పిన దొంగ సీన్ నేను అలాగే చూశాను ఇవాళ పొద్దున. ఆమె వినడం గురించి మీరన్నది నిజం. దొంగ మాట్లాడుతున్నంతసేపూ కళ్ళు అతని ముఖం మీద నుంచి చేతుల మీదికి వెళ్ళి మళ్ళీ ముఖం మీదికి వస్తాయి. అది ఎవరు చెప్పి చేయించినా, చేసింది ఆమే. నటన అనే అంటాను.

ఫ్రీమాంట్_తెలుగు
నైల్స్‌లో పెగ్గీ సినిమా మళ్ళీ ఎప్పుడు వేస్తారో కనుక్కుని ఇక్కడే రాస్తాను. ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు, పిల్లల్ని కూడా తీసుకుని రండి. మా అబ్బాయి ఈసారి ముందు వరసలో కూర్చుంటానన్నాడు.

రీలుపెట్టె
తప్పకుండా రాయండి. జాకీ కూగన్ గురించి వేరే చర్చ పెడతాను, దాన్ని ఇందులో కలపొద్దు. పెగ్గీ షార్ట్‌లు ఇంకేవైనా ఎవరికైనా దొరికితే, ఏ ఆర్కైవ్ కాపీయో, ఎన్ని నిమిషాలు ఉందో రాసి ఇక్కడ పెట్టండి.